పొలిమేర కాపరికి కొత్త చెప్పులు

వెనక్కి తిరిగి చూడకూడదని కర్లేవాడి ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. రుతుజ చూసింది.

ఇంకా తెల్లవారలేదు. కొండవాలున జీడితోటల మధ్య ఎర్రమట్టి దారి. దాని మీద మోకాలి ఎత్తున పొగమంచు. కొన్నాళ్లుగా ఆ దారిలో ఆమె వెనక ఒక కర్ర నడుస్తోంది. టక్... టక్... ఆ తర్వాత కర్ర చివర కట్టిన గజ్జెల సన్నటి చప్పుడు. ఎవరిదని అడగనక్కర్లేదు. రాఖణ్‌దార్‌ది. గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని, ఊరి పొలిమేర చుట్టూ తిరిగే కాపరి దేవుడు. ఒంటరిగా పోయేవాళ్లకి తోడొచ్చి ఇంటి దగ్గర దిగబెడతాడు. బదులుగా ఆయన అడిగేది ఒకటే, వెనక్కి చూడొద్దని.

రుతుజకి అభ్యంతరమేమీ లేదు. కానీ ఆ వేళ కర్రచప్పుడుతోపాటు ఎవరో రొప్పుతున్న చప్పుడు కూడా వినిపించింది. దేవుడికి ఆయాసమేమిటి? బీకాం చదివిన పిల్లకి ఆపాటి అనుమానం రాకుండా ఉంటుందా?

తిరిగి చూసింది.

మంచులో తేలుతూ ఒక ఆడముఖం. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. కాటుక చెవులదాకా సాగింది. నుదుటి బొట్టు కరిగి ముక్కు మీదికి కారింది.

రుతుజ అరవలేదు. అరవడానికి కావలసిన గాలంతా కాళ్లు లాగేసుకున్నాయి. బడి వదిలాక మొట్టమొదటిసారి పరుగెత్తింది. ఆ ముఖం కూడా "అమ్మోయ్!" అని మగగొంతుతో అరిచి ఆమె వెనకే పరుగు లంకించుకుంది.

ఇద్దరూ కాపరి రాతిగద్దె దగ్గర కూలబడ్డారు. గద్దె మీద ఆయనకి మొక్కుగా పెట్టిన చెప్పుల జతలు వరసగా ఉన్నాయి. ఏనుగు కాలికి సరిపోయేంత చెప్పులు. ఎప్పుడు చూసినా వాటి అడుగున కొత్త మట్టి ఉంటుంది.

"దగ్గరికి రాకు!"

"రావడం లేదు తల్లీ, పడిపోతున్నాను."

"నువ్వు దయ్యానివేనా?"

"దయ్యాన్నైతే ఇంత ఆయాసమెందుకు? అసలు నువ్వెందుకు పరుగెత్తావ్?"

"నిన్ను చూసి. మరి నువ్వు?"

"నువ్వు నా వెనక దేన్నో చూశావనుకున్నాను!"

ఇద్దరూ మెల్లగా దారి వైపు చూశారు. మంచు తప్ప ఏమీ లేదు. కర్రచప్పుడు ఆగిపోయింది. అక్కడెవరో నిలబడి నవ్వాపుకుంటున్నట్టు గజ్జెలు ఒక్కసారి ఘల్లుమన్నాయి.

వెల్లవేసిన ఆ ముఖాన్ని రుతుజ పరకాయించి చూసింది. "ఆగాగు. నువ్వు దశావతార నాటకాల్లో రాణివి కదూ? పోయినేడు మా జాతరలో అడవుల్లో పడి ఏడ్చావు. మా అత్త చీరకొంగంతా తడిపేసింది."

"అది పోయినేడు. ఇప్పుడు అడవుల పాలయ్యే రాణికి ఇంత పొట్టేమిటని జనం నవ్వుతున్నారు." అతని పేరు కేదార్ పరబ్. వాగు అవతలి వాడ. "వడ్డాణం కొక్కెం పట్టడం లేదు. పెద్దజాతరలోగా తగ్గకపోతే వేషం ఇంకొకడికిస్తానన్నాడు మా కంపెనీ యజమాని. అందుకే ఆట అయ్యాక టెంపో దిగి, అడ్డదారి వదిలేసి ఊరు చుట్టి పోతున్నాను. రంగు ఇంటికెళ్లి కడుక్కోవచ్చులే అనుకున్నా. నీకేమిటి బాధ?"

"షుగర్. అంచు మీదుందట. ఇప్పుడు నడిస్తే మాత్రలుండవన్నాడు డాక్టరు." కాళ్లు ముందుకి చాపి చూసుకుంది. "మా అమ్మకీ ఇలాగే చెప్పాడు. రేపు నడుస్తా, రేపు నడుస్తా అంది. ముందు కాలివేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత అమ్మ."

కేదార్ చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. సగం మనిషి బయటపడ్డాడు. ఆ సగం బాగానే ఉంది.

"పగలెందుకు నడవవు?"

"నడిచాను. నా ఒళ్లు చూసి, 'రోడ్డు జాగ్రత్త పిల్లా, మొన్ననే వేశారు' అన్నారు."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. ఆపుకున్నందుకు ఆమెకి నచ్చాడు.

ఆ మర్నాటినుంచి ఇద్దరూ కలిసి నడిచారు. ఒప్పందం ఒకటే. ఎవరైనా రాకపోతే రెండోవాళ్లు గద్దె దగ్గర పొద్దెక్కేదాకా కూర్చోవాలి. ఊరంతా చూస్తుంది. ఆ పరువుభయంతోనే ఇద్దరూ లేచేవారు. వాళ్లకి కాస్త వెనక కర్ర నడిచేది. దారిలో ఉండగా ఆయన పేరెత్తకూడదు కనుక దాని గురించి మాట్లాడుకునేవారు కాదు. నడక మందగిస్తే మాత్రం టక్‌మన్న చప్పుడు దగ్గరపడేది. మెడ మీద చల్లటి ఊపిరి తగిలేది. ఇద్దరి కాళ్లూ వాటంతట అవే జోరందుకునేవి. కర్లేవాడిలో జిమ్ము లేదు గానీ శిక్షణకి లోటేమీ రాలేదు.

ఇంట్లో మాత్రం లోటే లోటు. రుతుజ ఉండేది మేనత్త సుమిత్ర దగ్గర. ఆవిడ భోజనశాలలో బాంగడా చేపల వేపుడు వాసనకి బస్సులు రెండు నిమిషాలు ఎక్కువ ఆగుతాయని పేరు.

"ఒక్క రొట్టేనా? ఊదితే ఎగిరిపోయేలా ఉన్నావు," అనేది అత్త.

"అత్తా, నన్ను ఊదాలంటే తుఫాను రావాలి."

"మీ అమ్మ కూడా ఇలాగే..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, గరిటె అటు పెట్టేసేది. అత్తకీ భయమే. ఆవిడ భయపడితే వండుతుంది.

కేదార్ మధ్యాహ్నం అక్కడే తినేవాడు. రుతుజ అతని కంచంలో సగం రొట్టె, గుప్పెడు కూర పెట్టి వెళ్లిపోయేది.

"ఇది భోజనమా, నైవేద్యమా?"

"రాణిగారు ఉపవాసంలో ఉన్నారు. ఏడుపు బాగా వస్తుంది."

వారానికోసారి జీడిగింజల గోదాములో బస్తాలు తూచే కాటా ఎక్కేవారు. గోదాము గావ్డే తాత కళ్లద్దాలు సర్దుకుని, "ఈసారి పంట కాస్త ఎండింది," అనేవాడు. అంతకన్నా తీయని మాట రుతుజ ఆ మధ్య వినలేదు. కేదార్ ఆమె వైపు చూసి కనుబొమ్మలెగరేసేవాడు. రాణి వేషంలో రాజుల్ని పడగొట్టే కనుబొమ్మలవి. రుతుజ వెంటనే కాటా ముల్లు వైపు చూసేది. ముల్లు కూడా వణికేది.

పెద్దజాతర వారంలో అంతా తలకిందులైంది.

భోజనశాలలో ఎవడో అడిగాడు. "ఏం పరబ్, ధురివాళ్ల రుతుజతో తెల్లారకముందే షికార్లట?"

"ఛ, ఊరుకో. నడకకి తోడు, అంతే," అన్నాడు కేదార్.

వంటింట్లో రుతుజ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. అంతేనట. మంచిదే. అంతకన్నా ఏముందని ఎవరన్నారు? ఆ రాత్రి కోడికూరతో వడలు తింది. లెక్క పెట్టలేదు. అత్త ఆనందంతో ఇంకో వాయి వేసింది. తిన్నంతసేపూ ఏదీ రుచించలేదు. మర్నాడు నడకకి లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. కాలివేళ్లు తిమ్మిరెక్కినట్టు అనిపిస్తే దుప్పటి కిందికి లాక్కుంది. రేపు నడుస్తా అనుకుంది. ఆ మాట అచ్చం అమ్మ గొంతులో వినిపించింది.

మూడో తెల్లవారుజామున కిటికీ మీద ఎవరో కొట్టారు.

టక్.

'వచ్చాడన్నమాట,' అనుకుంది రుతుజ. గోడవైపు తిరిగి పడుకుంది.

టక్. టక్. పక్కగదిలో అత్త గురక ఆగిపోయింది. ఊరి కుక్క ఒకటి మొరగబోయి, మొదలెట్టిన మొరుగు మింగేసింది.

టక్!

"అంతే అన్నవాడివి ఇంతదూరం ఎందుకొచ్చావ్?" అంటూ రుతుజ కిటికీ తెరిచింది.

ఎవరూ లేరు. కిటికీ కింద అరటిపాదులో మంచు మీద అడుగుజాడ కూడా లేదు. చప్పుడు వీధిలోంచి వచ్చింది. తలుపు తీసింది. ఈసారి మలుపు దగ్గరినుంచి. కోపం భయాన్ని మించి ఉండటంవల్ల ఆమె నడిచింది. ఇన్నాళ్లూ వెనక వచ్చిన చప్పుడు ఆ వేళ ముందు నడిచింది.

గద్దె మీద కేదార్ కూర్చుని ఉన్నాడు. జుట్టు రేగి, ఒక కాలికి చెప్పు లేకుండా.

"వచ్చావా!" ఇంతెత్తున లేచాడు. "పిలవాలంటే పిలవొచ్చు కదా! కిటికీ చెక్క విరిగిపోయేలా కర్రతో కొట్టాలా? మా నాన్న దొంగలనుకుని మంచం కింద దూరాడు!"

"నేను కొట్టానా? నా కిటికీ కొట్టింది నువ్వు!"

"నేనా? నేనసలు రెండ్రోజులుగా మంచం దిగలేదు. వడ్డాణం పట్టింది రుతుజా, కొక్కెం చక్కగా పట్టింది. అయినా వేషం ఇంకొకడికి ముందే ఇచ్చేశారు. ఇంక దేనికి నడవాలి అనుకున్నా."

"నేనూ రాలేదు," అంది రుతుజ నెమ్మదిగా. "రెండ్రోజులూ."

ఇద్దరి చేతుల్లోనూ కర్ర లేదు. వాగు ఇవతల ఒక కిటికీ, అవతల ఒక కిటికీ.

వాళ్ల వెనక, చాలా దగ్గరగా, టక్‌మంది.

తిరిగి చూడలేదు. ఒక్కసారి చూసినందుకే చాలా జరిగింది. నడక మొదలుపెట్టారు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు కేదార్ రొప్పుతూ.

"ఆగి చెప్పు."

"ఆగితే ఆయన దగ్గరికొస్తాడు."

"అయితే నడుస్తూనే చెప్పు."

"మొన్న అంతే అన్నానే... అంతే కాదు."

"మరెందుకన్నావ్?"

"నీకు చెప్పకముందు వాడికెందుకు చెప్పాలి? ఇందాక దేనికి నడవాలి అన్నాను చూడు. అదీ అబద్ధమే. వేషం పోయినందుకు కాదు నేను మంచమెక్కింది. మొదటిరోజు ఇక్కడికే వచ్చాను. పొద్దెక్కేదాకా కూర్చున్నాను. ఊరంతా చూసింది. నువ్వు రాలేదు."

రుతుజ నడక ఆగబోయింది. వెనక గజ్జెలు గట్టిగా మోగాయి. ఆగలేదు.

"నేను సన్నబడతానో లేదో తెలీదు కేదార్. షుగర్ అంచు దాటకుండా నిలుపుకుంటే చాలు నాకు."

"నేను సన్నబడ్డా వేషం రాలేదు. రాణి వేషం వాడికిచ్చారు కదా, ఇంక నేను రాజునే. నాకో రాణి కావాలి. కొలతలేమీ పెట్టలేదు."

"రోజూ నడవాలి మరి."

"ఆయన మానితే కదా మనం మానడానికి!"

ఆమె చెయ్యి చాపింది. అతను పట్టుకున్నాడు. రెండు చేతులూ చెమటతో తడిసి, మంచుతో చల్లబడి ఉన్నాయి. వెనక కర్రచప్పుడు మొదటిసారి కాస్త దూరం జరిగింది. పెద్దవాళ్లు అలాంటప్పుడు జరుగుతారు కదా, అలా.

వానలు పడేలోగా డాక్టరు కాగితం చూసి, మాత్రలు అక్కర్లేదు, నడక మానొద్దు అన్నాడు. రుతుజ ఇంకా బొద్దుగానే ఉంది. కాకపోతే ఇప్పుడు గావ్డే తాత కాటా ఎక్కకముందే నవ్వుతున్నాడు.

సుమిత్రత్త కాపరికి కొత్త చెప్పులు కుట్టించి, ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని గద్దెకి వెళ్లింది. తోలు వాసన పోని చెప్పులు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టింది. వారం తిరిగాక మళ్లీ వాళ్లతోనే వెళ్లి వాటిని బోర్లించి చూసింది.

అడుగు అరిగి, రంధ్రం పడింది. అందులో ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది.

అత్త ఆ చెప్పుల వంక, ఆ ఇద్దరి వంక మార్చి మార్చి చూసింది.

"పాపం, ఈ వయసులో ఆయన్నెంత తిప్పుతున్నారర్రా," అంది. "కేదార్, రేపు మీ నాన్నని రమ్మను. ముహూర్తం చూసుకుందాం. ఒకే గుమ్మంలోంచి బయల్దేరితే ఆయనకి రెండు కిటికీలు కొట్టే పని తప్పుతుంది."

జీడిచెట్ల వెనకనుంచి, పట్టపగలే, ఒక్కసారి టక్‌మంది.