సారీ చెప్పని సారీబాబు

ఆ బిల్డింగ్ ఓనర్‌ని అద్దెకున్నవాళ్లంతా సారీబాబు అనేవాళ్లు. వెనకాల కాదు, ముఖం మీదే. కుర్చీ కాలు తగిలితే కుర్చీకి సారీ చెప్పే మనిషి అతను. కింద కళ్లజోళ్ల షాపు నడుపుతూ, చూపు తగ్గిందని కస్టమర్‌కి చెప్పాల్సి వస్తే అదేదో తనే తగ్గించినట్టు సారీ చెప్పేవాడు. అలాంటివాడికి జీవితంలో ఒక్కసారి నిజంగా ఆ మాటతో అవసరం పడింది. అప్పుడే నోటికి తాళం పడింది.

సోమవారం పొద్దున్న. రెండో అంతస్తులో పిల్లలకి డాన్స్ నేర్పే టీచర్, స్పీకర్ చంకలో పెట్టుకుని మెట్లు దిగుతోంది. సారీబాబు షటర్ సగం ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. అయిదు నెలలుగా రోజూ ఇలాగే, ఏదో పనిమీద తల తిప్పినట్టు చూసుకుంటున్నారు. ఆ రోజు చూపు పూర్తి కాకుండానే టీచర్ కాలు జారింది. మిగతా ఏడు మెట్లూ కూర్చునే దిగి, సరిగ్గా అతని చెప్పుల ముందు ఆగింది. స్పీకర్ ఒళ్లో క్షేమంగా ఉంది. అందులో పాట కూడా ఆగలేదు.

"సా..." అన్నాడు సారీబాబు.

అంతే, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని నోరు మూసింది. అది వాళ్ల పెద్దమ్మది. పెద్దమ్మ లాయరు. ఆవిడ ఆఫీసు షాపు పక్క గదిలోనే ఉంది, చెవులు మాత్రం బిల్డింగంతా ఉంటాయి. "ఆ మాట అన్నావో, తప్పు ఒప్పుకున్నట్టే" అని చెవిలో గుసగుసలాడింది. "రేపు కోర్టులో మొదట చదివేది దాన్నే."

అతను మింగలేక కక్కలేక నిలబడ్డాడు. తర్వాత టీచర్‌ని లేపబోయి, సగం ఎత్తిన షటర్‌కి నెత్తి కొట్టుకుని, అలవాటు కొద్దీ షటర్‌కి సారీ చెప్పాడు.

టీచర్ ఆ నొప్పిలోనూ అతన్ని ఎగాదిగా చూసింది. "షటర్‌కి చెప్పారు" అంది.

మడమ దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. పదో రోజున నోటీసు వచ్చింది, ఆ వెనకే కేసూ వచ్చింది. చదివి పెద్దమ్మకే ఆశ్చర్యం వేసింది. టీచర్ ఆస్పత్రి ఖర్చు తప్ప పైసా అడగలేదు. అడిగిందల్లా ఒకటే: తను పడ్డది మెట్ల లోపం వల్లేనని ఓనర్ రాసివ్వాలి.

కారణం లేకపోలేదు. మెట్లు దిగడం రానావిడ మా పిల్లలకి గంతులేం నేర్పుతుందని తల్లిదండ్రులు ఒకరి వెనక ఒకరు మానిపించేస్తున్నారు. ముప్ఫై ఒక్కమంది పిల్లల్లో మిగిలింది తొమ్మిదిమంది. అందులో ఇద్దరు కవలలు, ఒకరు మానేస్తే ఇద్దరూ మానేసినట్టే. టీచర్‌కి ఆ స్కూలు తప్ప వేరే బతుకుతెరువు లేదు.

ఇదంతా వింటుంటే సారీబాబుకి చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ మెట్లకి మైనం పూసింది అతనే.

మెట్ల మొదట్లో దారంతో కట్టిన ఫిర్యాదుల పుస్తకం ఒకటి వేలాడుతుంటుంది. అందులో టీచర్ రాసింది, మెట్ల మీద దుమ్ముకి పిల్లల పాదాలు నల్లబడుతున్నాయని. ఆమె ఫిర్యాదు రాస్తే ఊడ్చేమనిషికి అప్పగించడం సారీబాబుకి మనసొప్పేది కాదు. ఆదివారం మధ్యాహ్నం బిల్డింగంతా కునుకు తీస్తుంటే, షాపులో చెక్క అరలకి రాసే పాలిష్ మైనం డబ్బా తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఇరవై రెండు మెట్లనీ అద్దంలా తోమాడు. చివరి మెట్టులో తన ముఖం చూసుకుని మురిసిపోయాడు కూడా. చెక్కకి రాసేది నున్నటి రాతికి రాస్తే ఏమవుతుందో ఆ మురిపెంలో తట్టలేదు.

పెద్దమ్మ అడిగింది, ఊడ్చేమనిషి మెట్లకి ఏమైనా పూసిందా అని. లేదన్నాడు. అది నిజమే. ఆవిడ అక్కడితో ఆపేసి జవాబు తయారుచేసింది, అతను కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా తిరగడం మొదలుపెట్టాడు.

నోరు పనికిరాకపోయేసరికి చేతులకి పని పెట్టాడు. మెట్లని మూడుసార్లు సోడాతో కడిగాడు. రెండువైపులా కమ్మీలు బిగించాడు. మెట్టు మెట్టుకీ గరుకు పట్టీ అంటించాడు. షాపు వెనక గది ఖాళీ చేయించి, కాలు నయమయ్యేదాకా క్లాసు అక్కడ పెట్టుకోమన్నాడు. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు గోడ అవతలి గెంతులకి అక్షరాలు ఊగుతున్నాయన్నారు. వాళ్లకి మాత్రం సారీ చెప్పాడు.

ఓ సాయంత్రం క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. టీచర్ ఊతకర్రల మీద గుమ్మంలో నిలబడింది. సారీబాబు గొడుగు పట్టుకొచ్చి, వీలైనంత దూరంగా నిలబడి, వీలైనంత దగ్గరగా గొడుగు పట్టాడు. దాంతో ఆమె తడవలేదు, అతను పూర్తిగా తడిశాడు. ఆమె కోసం వచ్చిన కారు దాకా పది అడుగులు. ఆరో అడుగులో అతని కాలు ఆమె ఊతకర్రని తన్నింది.

"సారీ" అన్నాడు కర్రవైపు వంగి.

టీచర్ ఆగిపోయింది. "నా కర్రకి చెప్పారు. షటర్‌కి చెప్పారు. నాకు చెప్పడానికి మీకేం అడ్డొచ్చింది ఓనర్ గారూ?"

అతను పెదాలు తడుపుకున్నాడు. పెద్దమ్మ కిటికీలో లైటు వెలుగుతోంది. "వాన ఎక్కువగా ఉందండీ" అన్నాడు.

"మరి ఈ కమ్మీలు, పట్టీలు, గది... ఇవన్నీ దేనికి?"

"ఊరికే."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మడిచిన కాగితం తీసి, తడిసిన అతని చొక్కా జేబులో కాకుండా, గొడుగు పట్టిన వేళ్ల మధ్య దూర్చింది. కవలలు మానేశారట. నెలాఖరుకి స్కూలు మూసేసి రెండో అంతస్తు ఖాళీ చేస్తానని అందులో ఉంది. ఆ రాత్రి అతను షాపు అరలోంచి మైనం డబ్బా తీసి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడే ఇద్దరినీ రాజీ కోసం కోర్టు వెనక గదికి పిలిచారు. మధ్యవర్తిగా కూర్చున్న పెద్దాయన ఓ చెవితో వింటూ రెండో చెవి గోక్కుంటున్నాడు. టీచర్ పక్కన వాళ్ల నాన్న. ఆయన రిటైరైన డ్రిల్ మాస్టారు. రిటైరైంది ఉద్యోగమే, మెడలో విజిల్ కాదు.

పెద్దమ్మ గొంతు సవరించుకుని చదివింది. మెట్లు శుభ్రంగా ఉన్నాయి, వాటికి ఎవరూ ఏమీ పూయలేదు, పడినావిడ తన అజాగ్రత్త వల్లే పడింది. టీచర్ తల వంచుకుంది. అజాగ్రత్త అన్న మాట దగ్గర ఆమె వేళ్లు ఊతకర్ర మీద బిగుసుకోవడం సారీబాబు చూశాడు. ఇక ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

టేబుల్ కింద పెద్దమ్మ చెప్పు అతని కాలు తొక్కింది. అతను రెండో కాలు మీద నిలబడ్డాడు. ఆవిడ అదీ తొక్కింది.

"నేను..." అన్నాడు. "అవును, చెబుతాను" అన్నాడు. పెద్దమ్మ "నా క్లయింటుకి ఒంట్లో బాలేదు" అని మొదలుపెట్టింది. అంతలో డ్రిల్ మాస్టారు గట్టిగా విజిల్ ఊదాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు. గదిలో అందరూ టక్కున నిశ్శబ్దమైపోయారు, మధ్యవర్తి అయితే అటెన్షన్‌లో కూర్చున్నాడు.

"అబ్బాయి మాట్లాడతాడు" అన్నాడు మాస్టారు.

సారీబాబు సంచిలోంచి మైనం డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాడు. "మైనం పూసింది నేను. ఆవిడ అజాగ్రత్త ఏం లేదు. ఆ మెట్ల మీద పిల్లి దిగినా పడేది. సారీ టీచర్ గారూ. పడ్డ రోజే చెప్పాల్సింది, సారీ. జవాబు మీద సంతకం పెట్టినందుకు సారీ. మీ పిల్లలు మానేసినందుకు, కవలలిద్దరికీ విడివిడిగా, సారీ." ఆరు వారాలుగా ఆగినవన్నీ వరసపెట్టి వచ్చాయి. మధ్యవర్తి పద్నాలుగు దాకా లెక్కపెట్టి వదిలేశాడు.

పెద్దమ్మ కళ్లజోడు తీసేసింది. తన సొంత క్లయింటు, పైగా తన చెల్లెలి కొడుకు, తనకే గుట్టు దాచాడన్నది మింగుడు పడటానికి ఆవిడకి కాసేపు పట్టింది.

టీచర్ మాత్రం డబ్బాకేసి చూస్తోంది. "ఊడ్చేమనిషి ఉందిగా. మీరెందుకు పూశారు?"

"ఫిర్యాదు మీరు రాశారు కదండీ" అన్నాడు. ఇంకేదో చెప్పి సర్దుకుందామనుకున్నాడు గానీ, అలవాటు తప్పిన నిజం ఒకసారి మొదలైతే ఆగేలా లేదు. "మీరు రాసినవి ఇంకెవరూ ముట్టుకోకూడదనిపిస్తుంది. పదకొండు రాశారు. పదకొండూ నేనే చేశాను. మీరంటే ఇష్టం. దీనికి మాత్రం సారీ చెప్పను."

టీచర్ ముఖం ఎర్రబడింది. వాళ్ల నాన్న వైపు చూసింది, మధ్యవర్తి వైపు చూసింది.

"అందులో నాలుగు అబద్ధాలు" అంది మెల్లిగా. "నా కిటికీ బాగానే మూసుకుంటుంది. కుళాయి ఎప్పుడూ కారలేదు. మీరు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తారని రాశాను."

డ్రిల్ మాస్టారు విజిల్ నోటి దాకా తీసుకెళ్లి, ఆలోచించి, దించేశాడు.

రాజీ పత్రం పెద్దమ్మే రాసింది. ఆస్పత్రి ఖర్చు ఓనర్‌ది. మెట్ల మొదట్లో అందరికీ కనపడేలా అతని చేతిరాతతో బోర్డు: టీచర్ పడ్డది నా తప్పు వల్ల, మైనం నేనే పూశాను, సారీ. ఖాళీ చేస్తానన్న కాగితం వెనక్కి. సంతకాలయ్యాక ఆవిడ మాస్టారితో, అబ్బాయి మెతక గానీ మనసు మంచిదని, మిగతా విషయాలు ఇంటి దగ్గర మాట్లాడుకుందామని చెప్పింది.

బోర్డు చదివిన తల్లిదండ్రులు నాలిక కరుచుకున్నారు. కవలలు మొదట వచ్చారు. నెల తిరిగేసరికి ముప్ఫై నలుగురయ్యారు.

సారీబాబుకి మాత్రం పైకి వెళ్లాలంటే సిగ్గు. మూడు రోజులు షాపు దాటలేదు. నాలుగో రోజు పొద్దున్న ఫిర్యాదుల పుస్తకంలో కొత్త పేజీ కనిపించింది. ఓనర్ గారు మూడు రోజులుగా పైకి రావడం లేదని, వెంటనే బాగుచేయవలసిందని ఉంది. కింద టీచర్ సంతకం.

అతను పుస్తకం పట్టుకుని పెద్దమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ చదివి, కలం ఇచ్చింది. "దీనికి నన్ను అడగక్కర్లేదు. ఒప్పుకుంటున్నానని రాసి సంతకం పెట్టు."

రాశాడు. పెట్టాడు. స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని, కమ్మీ పట్టుకుని, ఇరవై రెండు మెట్లూ ఒక్కొక్కటిగా ఎక్కాడు.