నాడి కోరిన దృశ్యం

వంకాయల ధర చెబుతున్న వార్తల గొంతు సగంలో ఆగి, ఎక్కడో ఓడ తగలబడిన కబురు అందుకుంది. అలివేలమ్మ గుండె నెమ్మదించిందని ఆమె మణికట్టు మీది నాడిపట్టీ చెప్పేసింది మరి. ఇప్పుడు ఊళ్లో అన్నీ అంతే. పిల్లల పాఠాలు, పురాణ కాలక్షేపం, చివరికి పెళ్లి వీడియోలు కూడా. గుండె వేగం తగ్గితే కూర్పుయంత్రం ఆ ముక్కని అప్పటికప్పుడు కత్తిరిస్తుంది, పెరిగితే సాగదీస్తుంది.

ఆమె గబగబా రెండు ముద్దలు తిని తెనాలి బజారులోని సినిమా హాలుకి బయల్దేరింది. అక్కడ ‘జ్వాలాభైరవుడు’ రెండో భాగం ఆడుతోంది. కథేమిటని అడక్కండి, ఉన్నవల్లా హెలికాప్టర్లూ మంటలూను. ఆమె భర్త పరాంకుశం అందులో హీరో తండ్రి. జీవితమంతా నాటకాలాడిన మనిషి. మొదటి భాగంలో కొడుకుని తిడుతూ, లాలిస్తూ సినిమా అంతా కనిపించాడు గాని, డబ్బింగు వేరొకరిది. రెండో భాగంలో ఆయనకి మిగిలింది ఒక్క సీను. అయితే దానికి సొంత గొంతుతో చెప్పనిచ్చారు. సినిమా విడుదల కాకముందే ఆయన పోయాడు. ఫోన్లో “ఆఁ, వస్తున్నా” లాంటి ముక్కలు తప్ప ఆయన గొంతు మరెక్కడా లేదు. ఆ గొంతు కోసమే ఆమె రోజూ వెళ్తోంది.

మొదటి రోజు ఆ సీను నిండుగా ఉంది. మేడ మీద భోంచేస్తున్న కొడుకు తుపాకీ అందుకుని లేవబోతుంటే తండ్రి, “అన్నం ముందు నుంచి లేవకూడదురా. కూర్చో. ముద్ద దిగాక కాపాడుదువుగాని ప్రపంచాన్ని” అంటాడు. అంతలో మేడ పేలి ఆయన పైనుంచి పడిపోతాడు. ఆ తర్వాత రోజురోజుకీ మాటలు తరుగుతూ వచ్చాయి.

ఈవేళ మాటలే లేవు. మేడ పేలింది. పరాంకుశం పడ్డాడు. ఇంకో వైపు నుంచి పడ్డాడు. మంటల్లో తేలుతూ, నింపాదిగా, మళ్లీ పడ్డాడు. హాలంతా ఈలలు. ఇంటర్వెల్ పడింది.

మేనేజరు సైదులు శాలువా, కూల్‌డ్రింకు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

“అమ్మా, ఈ వారం ఉత్తమ ప్రేక్షకురాలు మీరేనండీ! ఆ ముసలాయన పడేటప్పుడు మీ నాడి హాల్లో అందర్నీ దాటేసింది. ఆ షాట్లు యంత్రం మీకోసమే పెంచుకుంటా పోతంది.”

అలివేలమ్మ సీసా పక్కన పెట్టింది. “నాకోసమా?”

“రోజూ వస్తున్నారుగా. మీ ఇష్టం బాగా పట్టేసింది.”

“మరి ఆ అన్నం దగ్గర మాటలేమైనయ్యి నాయనా?”

“అయ్యి ఎవరికీ ఎక్కలేదండీ. అప్పుడు మీ నాడైతే మరీ నెమ్మది. నిద్రపోయారనుకుంది యంత్రం.”

“నిద్ర కాదయ్యా.” “ఆయన ఇంట్లో ఉన్నట్టుండేది. ఆయన నా మొగుడు.”

సైదులు శాలువాని మెల్లగా చంకలో పెట్టుకున్నాడు. ఇంతలో లైట్లు ఆరాయి. తెర మీద కొడుకు జ్ఞాపకాల్లో మళ్లీ అదే మేడ. చూసినవాళ్లు కోరుకున్నారుగా మరి.

అలివేలమ్మ కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని తలుపు వైపు నడిచింది. పట్టీని గుంజి చూసింది. హాల్లో ఉన్నంతసేపూ అది ఊడదు. తల తిప్పకూడదనుకుంది, తిప్పలేదు. అయినా పేలుడు వినబడగానే గుండె దడదడలాడింది. దుఃఖాన్ని, సరదాని వేరు చేసి చూడమని ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదు. ఆమె తలుపు దాటేలోగా, వెనక ఈలల మధ్య, పరాంకుశం ఇంకో రెండుసార్లు పడ్డాడు.