కానుకల సంచిలో కువైట్ నాణేలు

బెన్నికి నాణేల పిచ్చి. క్రికెట్ పిచ్చోణ్ణైతే జనం అర్థం చేసుకుంటారు గానీ, డెన్మార్క్ నాణెం నడుమ చిల్లుందని మురిసిపోయేవాణ్ణి జగ్గయ్యపేటలో ఎవరు పట్టించుకుంటారు? హాంగ్‌కాంగ్ నాణెం అంచు వంకర్లు తిరిగి ఉంటుంది. దాని చుట్టూ బొటనవేలు తిప్పుతూ ఆదివారం మధ్యాహ్నమంతా గడిపేస్తాడు. ఎక్కడో ఎవరో దీంతో బన్ను కొనుక్కుని ఉంటారు, ఇప్పుడిది నా గుప్పిట్లో ఉంది అనుకుంటే చాలు, అతనికి ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ సోదంతా ఓపిగ్గా వినే మనిషి లోకంలో ఒక్కతే, సూసన్. బెన్ని నందిగామలో సెల్‌ఫోన్ షాపులో పని చేస్తాడు, ఆమె ఆ పక్క వీధిలో బ్లడ్ టెస్టుల ల్యాబ్‌లో. అతను ఎక్కిన బస్సే ఆమె చిల్లకల్లులో ఎక్కుతుంది. ఆదివారాలు ఇద్దరిదీ జగ్గయ్యపేటలో ఒకే చర్చి.

ఆ రోజు వాన. బస్సు కిటికీ షట్టర్ సందులోంచి జల్లు కొడుతుంటే బెన్ని సంచిలోంచి ఆల్బం తీశాడు. ప్రేమలేఖ రాయడం చేతకానివాడి తిప్పలు మరి.

"చూడండి, దేశాలన్నీ తిప్పుతా మిమ్మల్ని."

"టికెట్టు మీరే తీస్తారా?" అంది సూసన్.

"పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదండీ."

ఆమె నవ్వుతూ పేజీలు తిప్పింది. తెరచాప పడవ బొమ్మ ఉన్న రెండు నాణేల దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇవెక్కడివి?"

"కువైట్‌వి. మన చర్చి కానుకల సంచిలోవే. బ్యాంకోళ్ళు తీసుకోరు కదా, అందుకని ట్రెజరర్‌గా ఉన్న మా పెదనాన్న, వీటి బదులు మన చిల్లర వేసి తీసుకోమంటాడు. ఈ మధ్య ఎవరో మహానుభావులు వారం వారం వేస్తున్నారు. కాకపోతే అన్నీ గీతలు పడ్డవే. అందుకే రెండు ఉంచుకుని, మిగతావి రాజమండ్రిలో నాలాగే నాణేలు పోగేసే క్రాంతికుమార్ అని ఒకాయనకిచ్చేసి ఈ బహ్రెయిన్‌ది పట్టా. ఖర్జూరం చెట్టు చూడండి, ఎంత ముద్దుగా ఉందో!"

సూసన్ చెట్టు వంక చూడలేదు.

"అవి గీతలు కావండి. సిలువలు. సూదితో నేనే గీశా."

ఆమె తల్లి పుల్లమ్మ ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళింది. క్రిస్మస్‌కి మాట్లాడింది, ఆ తర్వాత ఫోన్ లేదు. ఏజెంట్ ఇవాళ రేపు అంటున్నాడు. పోయినసారి సెలవుకొచ్చినప్పుడు ఆమె తెచ్చిన చిల్లర పౌడరు డబ్బాలో ఉండిపోయింది. ఫిబ్రవరి నుంచి సూసన్ ప్రతి ఆదివారం ఒక నాణెం తీసి, సిలువ గీసి, అమ్మని పంపించు ప్రభువా అంటూ సంచిలో వేస్తోంది.

"నేను దేవుడికిచ్చింది మీరు ఖర్జూరం చెట్టుకి మార్చేశారు," అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది బెన్నికి. "ఇంక ఆయన దాకా ఏం వెళ్తుంది చెప్పండి?"

నందిగామ ఇంకా రాకుండానే, ఆ వానలోనే దిగిపోయింది.

మర్నాటి నుంచి ఆమె ముందు బస్సుకి వెళ్ళడం మొదలుపెట్టింది. బెన్ని రాజమండ్రి పరిగెత్తి, క్రాంతికుమార్‌ని బతిమాలి, ఖర్జూరం చెట్టు తిరిగిచ్చేసి కువైట్‌వి తెచ్చుకున్నాడు. ఒక్కటి మాత్రం అప్పటికే చేతులు మారి చెన్నై చేరింది. తెచ్చినవి ఎలా ఇవ్వాలో తెలీక తంటాలు పడుతుండగానే చర్చిలో చెప్పారు, పుల్లమ్మ చనిపోయిందని.

 దేవుడికి వెళ్ళే ఉత్తరాన్ని దారిలో తనే చింపేసినట్టనిపించింది బెన్నికి. అంతా తన వల్లే.

హైదరాబాద్ నుంచి అంబులెన్స్ చిల్లకల్లు వచ్చిన రోజు బెన్ని జనం వెనకాల నిలబడ్డాడు. పెట్టె దించుతూ సూసన్ తండ్రి ప్రేమదాసు తల తిప్పి చూశాడు. "ఓ చెయ్యి వెయ్యి బాబూ," అన్నాడు. బెన్ని వేశాడు. పెట్టె చల్లగా, అతననుకున్నదానికంటే బరువుగా ఉంది.

శవంతో పాటు వచ్చిన రోజారమణిది వీరులపాడు. కువైట్‌లో పుల్లమ్మ ఉన్న వీధిలోనే పని చేసేదట.

"క్రిస్మస్ అయిన వారానికే గుండె ఆగి పోయిందమ్మా," అంది సూసన్ చేతులు పట్టుకుని. "ఆ ఇంటోళ్ళు మాకేమో ఇండియా వెళ్ళిపోయిందని చెప్పారు. ఇన్నాళ్ళూ మార్చురీలో దిక్కులేకుండా పడుంది. మొన్న ఆసుపత్రిలో పనిచేసే మనోళ్ళు చెప్తే నేనెళ్ళి గుర్తుపట్టా."

సమాధి అయ్యాక జనం పలచబడ్డారు. ఇంటి ముందు టెంటు కింద సూసన్ ఒక్కతే కూర్చుంది. బెన్ని దగ్గరికెళ్ళి పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

"దొరికినన్ని తెచ్చా. ఒకటి దొరకలేదండి."

"అన్నీ అమ్మ పోయాక వేసినవే," అంది సూసన్ పొట్లం విప్పకుండానే. "మీ వల్ల ఏం కాలేదు. భయపడకండి."

బెన్నికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. దిగినందుకు అంతకంత సిగ్గేసింది.

"భయపడ్డ మాట నిజమేనండి. ఇప్పుడు తేలిగ్గా ఉంది. ఇలాంటప్పుడు తేలిగ్గా ఉందంటే నేనేం మనిషినో!"

"మరి ఇంకా ఎందుకున్నారు? బస్సులైపోతాయి."

"వెళ్ళబుద్ధి కావట్లేదు. మీరంటే నాకిష్టం. ఇది చెప్పే సమయం కాదని తెలుసు. కానీ అడిగారు కదా, అబద్ధం చెప్పలేను."

సూసన్ పొట్లం ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్ని నెలలు నేను ఎవరి కోసం ప్రార్థన చేశా బెన్నీ? లేని మనిషి కోసమా?"



"నాకు తెలీదు," అన్నాడు బెన్ని.

"పొద్దుట్నుంచీ వచ్చినోళ్ళంతా దేవుడి చిత్తం అంటున్నారు. తెలీదన్నది నువ్వొక్కడివే." ఆమె పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగింది. "మా అమ్మని నువ్వెప్పుడూ చూళ్ళేదు కదా?"

"లేదు."

"కూర్చో, చెప్తా. బస్సెక్కితే పక్కనోళ్ళ కులగోత్రాలతో సహా లాగేసేది. నిన్ను చూసుంటే ముందు, పెళ్ళైందా నాయనా అని అడిగేది."

"కాలేదండీ అనేవాణ్ణి," అన్నాడు బెన్ని.

సూసన్ నవ్వబోయింది. ఆ నవ్వుతోనే పొద్దుట్నుంచీ రాని ఏడుపు తన్నుకొచ్చింది. బెన్ని కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలోంచి ప్రేమదాసు చూశాడు. లోపలికి వెళ్ళి ఇద్దరికీ టీ పట్టుకొచ్చాడు.