లూర్దమ్మ ఇంటి ఆకు సిలువ

"నీవి ఎన్ని ఇళ్లయ్యాయి?" అన్నాడు సన్నీ, చంకలో ఎండు మట్టల కట్ట సర్దుకుంటూ.

"ముందు నువ్వు చెప్పు," అంది కరుణశ్రీ.

ఆదివారం మధ్యాహ్నం. వీధి మలుపులో సోడా బండి నీడన ఇద్దరూ కట్టలు కింద పెట్టి లెక్క చూసుకున్నారు. ఇద్దరివీ సమానంగా వచ్చాయి. కరుణశ్రీకి ఒళ్లు మండింది.

తెనాలిలో అంగలకుదురు వెళ్లే దారి పక్కన వాళ్ల గుడి ఉంది. ఏటా మట్టల ఆదివారం నాడు ఫాదర్ గారు ఈత ఆకుల్ని దీవించి పంచుతారు. వాటిని ఎవరూ పారేయరు. ఇంటికి తెచ్చి గుమ్మానికో, దేవుడి పటం వెనకో దోపుతారు. ఏడాది పొడుగునా అవి అక్కడే ఎండుతాయి. మళ్లీ నలభై రోజుల ఉపవాసాల తపస్కాలం వచ్చే ముందు వాటన్నిటినీ పోగుచేసి గుడి ఆవరణలో కాలుస్తారు. ఆ బూడిదనే, తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు అందరి నుదుటికీ పెడతారు.

ఆ పాత మట్టలు తెచ్చే పని గుడిలో మతబోధ నేర్చుకునే సత్యోపదేశం క్లాసు పిల్లలది. "ఎవరు ఎక్కువ ఇళ్ల నుంచి తెస్తే వాళ్లే నిప్పు ముట్టిస్తారు," అన్నారు సిస్టర్ వీణ. ఆవిడ మామూలుగానే అన్నారు. కానీ అగ్గిపెట్టె ముట్టుకుంటే వీపు చిట్లగొట్టే ఇళ్లలో పెరిగే పిల్లలకి ఆ మాట చాలు. పొద్దున పూజ అయిన దగ్గర్నుంచి ఇద్దరూ వీధి వీధంతా చుట్టబెట్టేశారు.

"నేను ఇంటికి పోతున్నా. ఆకలేస్తోంది," అన్నాడు సన్నీ.

కరుణశ్రీ పోలేదు. ఇంకొక్క ఇల్లు ఉంటే చాలు. ఆమె అడగని ఇల్లు ఒక్కటే మిగిలింది, అది లూర్దమ్మ మామ్మది. అక్కడికి సన్నీ పొద్దున్నే వెళ్లొచ్చాడు. అయినా ఒకసారి చూస్తే పోయేదేముందని వెళ్లింది.

తలుపు తీసే ఉంది. గుమ్మానికి ఆకు లేదు, సన్నీ పట్టుకుపోయాడు.

"మామ్మా," అని పిలిచింది. గట్టిగా ఏం పిలవలేదు. దొడ్లో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపించింది.

లోపల గోడకి యేసు తిరుహృదయం పటం ఉంది. దాని వెనక నుంచి చిన్న ఆకు సిలువ ఒకటి తొంగి చూస్తోంది. దాన్ని చూడగానే ఎవరు చేశారో కరుణశ్రీకి తెలిసిపోయింది. ఇన్నయ్య తాత, లూర్దమ్మ భర్త. మట్టల ఆదివారం నాడు గుడి అరుగు మీద కూర్చుని, ఈత ఆకుని మడిచి మడిచి, దారం లేకుండా సిలువలు అల్లి పిల్లలకి పంచేవాడు. పోయినేడు కరుణశ్రీకి కూడా ఒకటి ఇచ్చాడు. అది మరుసటి ఆదివారం, యేసు తిరిగి లేచిన పాస్కా పండగ దాకా కూడా ఆమె దగ్గర ఉండలేదు, ఎక్కడో పడిపోయింది. తాత వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయాడు.

ఒక్క క్షణం ఆగింది. మంచి పని కాదని లోపల తెలుస్తూనే ఉంది. కానీ ఎండు ఆకులన్నీ కాల్చాల్సినవే కదా, సిస్టర్ గారే చెప్పారు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. స్టూలు లాక్కుని, ఎక్కి, సిలువని లాగింది. చేతికి తేలిగ్గా వచ్చేసింది. దాన్ని కట్ట మధ్యలోకి, పైకి కనపడకుండా దోపింది.

కాల్చాల్సినదే అయితే దాచడం ఎందుకని ఆమె ఆలోచించలేదు.

సోమవారం సాయంత్రం గుడి ఆవరణలో పిల్లలంతా చేరారు. సిస్టర్ వీణ లెక్క చూసి కరుణశ్రీ చేతికి అగ్గిపెట్టె ఇచ్చారు. సన్నీ మొహం చిన్నబోయింది. కరుణశ్రీ పుల్ల గీసి కట్టకి అంటించింది. ఎండాకులు కదా, చిటపటమంటూ ఒక్కసారిగా అంటుకున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏడాదంతా పటాల వెనక ఎండినవి కాసేపట్లో గుప్పెడు బూడిదయ్యాయి.

సిస్టర్ ఆ బూడిదని గిన్నెలోకి తీస్తుంటే గేటు దగ్గర లూర్దమ్మ కనిపించింది. పరుగులాంటి నడకతో వచ్చింది. ఆ వయసులో ఆమె అలా నడవడం ఎవరూ చూడలేదు.

"సిస్టర్ గారూ, కాల్చేశారాండి?"

"ఇప్పుడే అయిందమ్మా. ఏం?"

"మా ఆయన చేసిన ఆకు సిలువ అండి. పటం వెనక పెట్టుకున్నా. కనపడట్లా. ఇటేమైనా వచ్చిందేమోనని." ఆమె పిల్లల వైపు తిరిగింది. "మీలో ఎవరన్నా చూశారా అమ్మా?"

సన్నీ లేదన్నట్టు తల ఊపాడు. "నాకు నువ్వు గుమ్మం మీద ఆకులే ఇచ్చావు మామ్మా. వాటిలో సిలువ కూడా కలిసుందో లేదో నేను చూసుకోలేదు."

లూర్దమ్మ కరుణశ్రీ వైపు చూసింది. "నువ్వు చూశావా తల్లీ?"

"లేదు మామ్మా."

ఆ మాట ఎంత తొందరగా వచ్చేసిందో, తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా కరుణశ్రీకి ఆశ్చర్యమే. లూర్దమ్మ బూడిద గిన్నె వైపు కాసేపు చూసి వెళ్లిపోయింది.

మంగళవారం రాత్రికి అమ్మ కోడికూర వండింది. రేపట్నుంచి పాస్కా దాకా ఇంట్లో మాంసం ఉండదు. ఏటా ఆ పూట కరుణశ్రీ కంచం ముందు నుంచి లేవదు. ఈసారి ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"లూర్దమ్మత్త సంగతి విన్నారా?" అంది అమ్మ, నాన్నకి వడ్డిస్తూ. "ఇన్నయ్య మామ చేసిన సిలువని తనే సన్నీకి ఇచ్చేసిందంట. ఇచ్చిన సంగతి కూడా గుర్తు లేదంట. నా బుర్ర పాడైపోయింది, ఆయన వస్తువు నా చేత్తోనే నిప్పుల్లో వేయించాను అని ఒకటే ఏడుపు. ఇవాళ స్టవ్ కట్టేశానో లేదో చూసిపెట్టమని రెండుసార్లు నన్ను పిలిచింది."

"పెద్దదైపోయింది పాపం," అన్నాడు నాన్న. "మతిమరుపు మొదలైతే కష్టమే."

మామ్మ సిలువ కోసం బాధపడుతుందనే కరుణశ్రీ అనుకుంది. తప్పు తన మీదే వేసుకుంటుందని అనుకోలేదు. మామ్మ బుర్ర శుభ్రంగా పనిచేస్తోందని ఈ వీధిలో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి నోరు విప్పకుండా కోడికూర ముందు కూర్చుంది.

"ఏంటే, తినట్లా?" అంది అమ్మ.

"కడుపులో నొప్పి," అంది కరుణశ్రీ. అది కూడా పూర్తి నిజం కాదు.

బుధవారం సాయంత్రం పూజకి ముందు ఫాదర్ గారు, చేసిన తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం వినడానికి కూర్చున్నారు. కరుణశ్రీ చెక్క జాలీకి ఇవతల మోకరించింది. జరిగిందంతా చెప్పింది.

"ఈ తపస్కాలం అంతా చాక్లెట్లు మానేస్తాను ఫాదర్," అంది తనే. అవతల ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, "ఐస్‌క్రీమ్ కూడా," అని కలిపింది.

ఐస్‌క్రీమ్ కలిపినా ఫాదర్ గారు మెత్తబడలేదు. "మానేయి తల్లీ, మంచిదే. కానీ నువ్వు చాక్లెట్లు మానేస్తే ఆ పెద్దావిడకి ఏం తెలుస్తుంది?"

కరుణశ్రీ జాలీ చెక్కని గోరుతో గీకింది.

"దేవుడు నిన్ను క్షమిస్తాడు. ఆమె మాత్రం ఈ రాత్రి కూడా తన బుర్రనే తిట్టుకుంటూ పడుకుంటుంది. ఏం చేస్తావో నువ్వే ఆలోచించుకో."

విభూది పెట్టించుకునే వరసలో ఆమె ముందు లూర్దమ్మే నిలబడింది. ఫాదర్ గారు బొటనవేలు బూడిదలో అద్ది లూర్దమ్మ నుదుటి మీద సిలువ గుర్తు వేశారు. ఆ వేలితోనే కరుణశ్రీకీ వేశారు. తాత సిలువ కూడా ఈ బూడిదలోనే ఉందని తట్టి కరుణశ్రీకి నుదురు బరువెక్కినట్టయింది. పూజ అయ్యాక సన్నీ పిలుస్తున్నా ఆగకుండా లూర్దమ్మ వెనకే వెళ్లింది.

లూర్దమ్మ వాకిట్లో కుళాయి దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకుంటోంది. కాళ్లు కడుక్కుంది. మొహం కడుక్కోబోతుంటే కరుణశ్రీ గేటు బయటి నుంచి పిలిచింది.

"మామ్మా, నువ్వు ఇవ్వలేదు."

"ఏంటే?"

"ఆకు సిలువ. నువ్వు సన్నీకి ఇవ్వలేదు. నువ్వు దొడ్లో బట్టలు ఉతుకుతున్నప్పుడు నేనే తీశాను. స్టూలు ఎక్కి తీశాను. మొన్న నువ్వు అడిగితే అబద్ధం చెప్పాను."

లూర్దమ్మ చెంబు గట్టు మీద పెట్టింది.

"నేనివ్వలేదా?"

"లేదు మామ్మా."

ఆమె గట్టు మీద కూలబడినట్టు కూర్చుంది. "బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికానే. పరుపు విప్పి చూశా. మీ తాత కలలోకి వచ్చి ఏం చేశావని అడుగుతాడేమోనని కన్ను మూయట్లా."

కరుణశ్రీ ఏడ్చేసింది. "అడిగితే ఇచ్చేదానివా మామ్మా?"

"ఇచ్చేదాన్ని కాదు," అంది లూర్దమ్మ. "అడగాల్సింది మాత్రం అడగాలి. నేను కాదంటే నువ్వు వెళ్లిపోయేదానివి. అంతేగా."

తర్వాత లూర్దమ్మ చేత్తో నుదురు తడుముకుని, వేలికి అంటిన బూడిదని చూసుకుంది. చెంబులో నీళ్లు మందార మొక్కకి పోసేసింది.

"ఇవాళ మొహం కడుక్కోను," అంది. "నువ్వు ఇంటికెళ్లు. చీకటి పడుతోంది."

పర్లేదులే అంటుందేమోనని కరుణశ్రీ కాసేపు నిలబడింది. లూర్దమ్మ ఆ మాట అనలేదు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ రాత్రి కరుణశ్రీ అమ్మానాన్నలకి కూడా చెప్పింది. నాన్న కోప్పడ్డాడు. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. కంచాలు తీసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అదే కరుణశ్రీకి ఎక్కువ కష్టంగా ఉంది.

శుక్రవారం సాయంత్రం సిలువ మార్గం ప్రార్థనకి జనం గుడి అరుగు మీద చేరారు. గుడి గోడల మీద ఉన్న, యేసు సిలువ మోసిన ఘట్టాల పటాల దగ్గర ఒక్కోచోట ఆగి ప్రార్థన చెప్పి, ఒక పాట పాడుకుంటూ తర్వాతి పటానికి వెళ్తారు. ఆ పాట ఎత్తుకునేది ఏటా లూర్దమ్మే. పుస్తకం చూడకుండా చరణాలన్నీ పాడుతుంది.

లూర్దమ్మ ఇంకా రాలేదు. ఎదురింటి జోజమ్మ సిస్టర్ వీణ పక్కకి చేరింది.

"ఈసారి పాట ఇంకెవరికన్నా ఇవ్వండి సిస్టర్. లూర్దమ్మకి మతి నిలవట్లేదు. మధ్యలో మర్చిపోతే అందరి ముందూ చిన్నబోతుంది పాపం."

"నేనూ విన్నాను," అన్నారు సిస్టర్. "అయితే మీరు ఎత్తుకుంటారా?"

కరుణశ్రీకి అప్పుడు అర్థమైంది. లూర్దమ్మ ఎవరికీ చెప్పలేదు. నిజం తెలిసి రెండు రోజులవుతున్నా, వీధంతా తనకు మతి పోయిందనుకుంటున్నా, కరుణశ్రీ పేరు బయటపెట్టలేదు. ఇంట్లో వాళ్లూ చెప్పలేదు, తను నోరు మూసుకుని కూర్చుంటే ఇక ఎవరికీ తెలియదు. పాట మాత్రం జోజమ్మకి పోతుంది.

గేటు తీసిన చప్పుడైంది. లూర్దమ్మ మెల్లగా నడిచి వస్తోంది.

కరుణశ్రీ లేచి నిలబడింది. "మామ్మకి మతి బాగానే ఉందండి," అంది. మొదట మాట సరిగ్గా బయటికి రాలేదు. మళ్లీ గట్టిగా చెప్పింది. "ఆ సిలువ మామ్మ ఎవరికీ ఇవ్వలేదు. మామ్మ దొడ్లో ఉన్నప్పుడు నేను తీశాను. అడిగితే చూళ్లేదని అబద్ధం చెప్పాను. నిప్పు ముట్టించాల్సింది కూడా నేను కాదు."

సన్నీ నోరు తెరుచుకుని చూశాడు. అమ్మ తల దించుకుంది. జోజమ్మ ఏదో అనబోయి మానేసింది. కరుణశ్రీకి భూమిలోకి దిగబడిపోతే బాగుండనిపించింది. అయినా కూర్చోలేదు.

లూర్దమ్మ అరుగు ఎక్కి, చెప్పులు విడిచి, చీర కొంగు తల మీదికి లాక్కుంది.

"ఆలస్యమవుతోంది సిస్టర్ గారూ, మొదలుపెడదామా?" అంది.

"మీరే ఎత్తుకోండమ్మా," అన్నారు సిస్టర్.

లూర్దమ్మ పాట ఎత్తుకుంది. ఒక్క మాట తడబడలేదు. వెనక నుంచి కరుణశ్రీ కూడా అందుకుంది.

ప్రార్థన అయ్యాక అందరూ ఇళ్లకి బయల్దేరారు. లూర్దమ్మ ఒక్కతే మెట్లు దిగుతుంటే కరుణశ్రీ పరుగెత్తుకెళ్లి చెయ్యి చాపింది. లూర్దమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకుని తనే దిగింది.

కరుణశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ దగ్గరికి వెళ్లిపోదామని తిరిగింది.

"ఎక్కడికే?" అంది లూర్దమ్మ, ముందుకే చూస్తూ. "మా ఇంటి మీదుగానేగా నువ్వు పోయేది. నాతో పాటు నడువు, నెమ్మదిగా."

వీధి చివరిదాకా కరుణశ్రీ ఆమె పక్కనే, ఆమె అడుగు పడ్డాకే తన అడుగు వేస్తూ నడిచింది.