గౌరయ్య కాలు, పన్నెండు గంటల శాంపిల్

2011 ఆగస్టు. సూర్యాపేట బస్టాండు. ఏజెంట్ యశోద జామకాయల బండి దగ్గర ఆగింది.

"లోపల ఎర్రగున్నయా?"

"కోస్తెనే తెలుస్తది."

కోడ్ సరిపోయింది. బండివాడి వేషంలో ఉన్నది చీఫ్ రాజారత్నం. బ్రీఫింగ్ రెండు నిమిషాలు.

"మానని పుండ్లకు మనోళ్లు కొత్త జెల్ చేసిన్రు. పుండు నీరుల గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కొత్త కండను పెంచే పదార్థం, ఎంత పని చేస్తున్నదో మిర్యాలగూడ ల్యాబ్‌ల కొలుస్తరు. ఫారిన్ ముఠా శాంపిళ్లు మారుస్తున్నది. జెల్ ఫెయిలైతే వాళ్ల మందు అమ్ముకోవచ్చు. ఇయ్యాల శాంపిల్ గౌరయ్యది. తిరుమలగిరి గొర్లకాపరి. పన్నెండుకు మెషిన్ల పెడ్తరు. నాలుగింటికి రీడింగ్ తక్కువొస్తే, ఐదింటికి ఈడ దవాఖానల ఆయన కాలు తీసేస్తరు."

"ల్యాబ్‌ల మన మనిషెవరు సార్?"

"భాగ్య. ఇన్‌చార్జ్. కోదాడామె."

యశోదకు ఇదే మొదటి మిషన్. మిర్యాలగూడ బస్సెక్కింది.

పదకొండున్నరకు, ఊడ్చే మనిషి వేషంలో, బకెట్‌తో ల్యాబ్‌లోకి దూరింది. ఐస్‌బాక్స్ తెరిచింది. గౌరయ్య పేరున్న సీసాలో ద్రవం నీళ్లలా తేటగా ఉంది. అసలుదా? మార్చిందా? సూర్యాపేట దవాఖానకు ఫోన్ చేసి, గౌరయ్య భార్య రేణుకమ్మను లైన్లోకి పిలిపించింది.

"అవ్వా, పొద్దుగాల సీసాల పట్టిన పుండు నీరు ఎట్లుండె?"

రేణుకమ్మ గొంతు తగ్గించింది.

"డాక్టర్‌కు చెప్పనంటెనే చెప్త బిడ్డా. పసుప్పచ్చగుండె. కట్టు కింద ఇంత పసుపు అద్దిన. గొర్లకు గట్లనే పెడ్తం. మనిషికి పెడితే తప్పా?"

"తప్పే అవ్వా. గని బతికించినవ్. ఈడ సీసాల తేటగున్నది, అంటే ఎవరో మార్చిన్రు."

వెనుక సెంటు వాసన. యశోద వెనక్కి తిరిగింది.

"ఎవరమ్మాయ్ నువ్వు?" నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, మెడలో ఇన్‌చార్జ్ కార్డు, చేతిలో చిన్న పిస్టల్. భాగ్య! "డిపార్ట్‌మెంట్ ఇలాంటి పిల్లల్ని పంపుతోందా? పాపం, వణికిపోతున్నావే."

"మస్తు భయమైతున్నదక్కా." అది నటన కాదు. వెనక్కి జరగబోయి బకెట్‌ను తన్నేసింది. ఫినాయిల్ నీళ్లు నేలంతా పారాయి. భాగ్య ఒక్క అడుగు వేసింది. మడమ జారింది. పిస్టల్ బల్ల కిందికి పోయింది. హ్యాండ్‌బ్యాగ్ తెరుచుకుని పసుపు రంగు సీసా దొర్లింది. యశోద దాని మీద పడి కేక పెట్టింది. వాచ్‌మన్ వచ్చి, యశోద చూపిన డిపార్ట్‌మెంట్ కార్డు చూసి భాగ్యను పట్టుకున్నాడు. టెక్నీషియన్ జాన్ సీసా చూసి, పసుపు సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఈ రంగుకు మెషిన్ మోసపోతది. ఉత్త పసుపు నీళ్లు గూడ పక్కన పెట్టి కొలిచి, ఆ అంకెను దీని అంకెలకెల్లి తీసేయాలె."

"జల్ది అన్నా!"

పదకొండు యాభై ఎనిమిది.

నాలుగింటికి రీడింగ్ వచ్చింది. జెల్ పని చేస్తోంది. కానీ దవాఖాన ఫోన్ ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. యశోదకు కళ్లనీళ్లు ఆగలేదు. నాలుగు యాభై ఏడుకు లైన్ కలిసింది.

"ఆపుండ్రి! ఆ కాలు మానుతున్నది!"

సూర్యాపేట దవాఖానలో సర్జన్ కత్తిని ట్రేలో పెట్టేశాడు. బల్ల మీద గౌరయ్య తల ఎత్తాడు.

"కాలు ఉంచిన్రు, మంచిదే సారూ. ఆపరేషనని పొద్దటి సంది మెతుకు ముట్టనియ్యలే. గా అన్నమేదో జర ఇప్పుడన్న పెట్టిస్తరా?"