శనివారం పొద్దుగుంకేలోగా

"కుర్చీలో ముళ్లున్నాయా, అసాహెల్? ఒక్కచోట కుదురుగా కూర్చోవేం?" అంది మెహిటబెల్ వాళ్ల నాయనమ్మ, ఊలు అల్లుతూనే.

ముళ్లు నా కుర్చీలో లేవు, కిటికీలో ఉన్నాయి. సూర్యుడు కొండమీద జానెడు ఎత్తులోకి దిగిపోయాడు. శనివారం పొద్దుగుంకిందంటే మాకు ఆదివారం, ప్రభువు దినం, మొదలైనట్టే. ఆ తర్వాత మా ఊళ్లో ఎవరూ పెళ్లిమాట ఎత్తకూడదు.

పిండిమిల్లు పోమెరాయ్, పెళ్లాం పోయి ఆరునెలలైనా కాలేదు, మెహిటబెల్‌ని అడిగేశాడు. "శనివారం పొద్దుగుంకేలోగా ఇంకెవరూ అడక్కపోతే పోమెరాయ్‌కే ఇస్తాను. ఆదివారం మందిరంలో పెళ్లి ప్రకటనగా పేర్లు చదివిస్తాను" అన్నారు వాళ్ల నాన్న, మందిరం పెద్ద డీకన్ బర్ట్. పీపాలు చేసుకు బతికే నేనేమో, మూడు సాయంత్రాలుగా వచ్చి మంచు గురించి మాట్లాడి వెళ్తున్నాను.

చలికాలం ఇంటికంతటికీ ఒక్కటే పొయ్యి. ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే. అందుకే మాలాంటి పెళ్లికాని జంటలకి ఆరడుగుల చెక్క గొట్టం ఇచ్చి గుసగుసలాడుకోమంటారు. ఒక కొస నా దగ్గర, ఇంకో కొస ఆమె దగ్గర, మధ్యలో డీకన్ గారు.

గొట్టంలో నోరు పెట్టి, మెహిటబెల్‌ని ముద్దుపేరుతో పిలిచి అడిగాను. "హిట్టీ, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె తన కొసని నోటి దగ్గర పెట్టుకుంది. "ఏమీ వినపళ్లేదు."

మళ్లీ అడిగాను.

"ఊహూఁ."

"గొట్టంలో ఎలుక దూరిందేమో!"

"ఎలుక కాదు, నీ ధైర్యం ఇరుక్కునుంటుంది."

సూర్యుడు కొండని తాకాడు. మూడోసారి అడిగి, తల వంచి చూశాను. ఆమె తన కొసని బొటనవేలితో బిగించి మూసి, ఏమీ ఎరగనట్టు దూలాలకేసి చూస్తోంది!

ఒళ్లు మండిపోయింది. గొట్టం పడేసి లేచాను.

"వేలు తియ్యి హిట్టీ! పెళ్లి చేసుకుంటావా అని మూడుసార్లు అడిగాను. నువ్వు లేకపోతే నాకు బతుకే లేదు!"

నాయనమ్మ అల్లిక ఆగిపోయింది.

"ఇప్పుడు వినపడింది" అంది మెహిటబెల్. "గొట్టంలో అన్న మాట నా ఒక్కదానికే తెలుస్తుంది. పోమెరాయ్ గారు మా నాన్న ఎదురుగా నిలబడి అడిగారు. నువ్వూ అడగాలిగా! మూడు రోజులుగా నాకు నిద్ర లేదు, తెలుసా?"

తెలీదు. నా గాభరాలో ఆమె గాభరా నాకు కనపడనే లేదు. సిగ్గేసింది.

డీకన్ గారు లేచి నెమ్మదిగా కిటికీ దగ్గరికి నడిచారు. ఆ నాలుగడుగులు నడవడానికి ఆయనకి నాలుగేళ్లు పట్టినట్టనిపించింది.

"సూర్యుడి అంచు ఇంకా కనపడుతోంది" అన్నారు. "అమ్మాయీ, నీ జవాబేదో తొందరగా చెప్పు."

"ఇతన్నే చేసుకుంటాను నాన్నా."

"సరే. పోమెరాయ్‌కి నేను చెప్పుకుంటాలే."

అంచు కూడా కొండ వెనక్కి పోయింది. ఆయన బైబిల్ తీసి ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, నా వంక చూడకుండానే అన్నారు.

"ఇక కూర్చో అల్లుడూ, ప్రార్థన వేళయింది."

నేనప్పటికే కుదురుగా కూర్చుండిపోయాను.