అరవ అక్షరాల చీటీ

కమలం అగ్గిపుల్లలు పేరుస్తోంది. చెక్క చట్రంలో ఒక వరస పుల్లలు, దాని మీద సన్నని పలక, పలక మీద మళ్ళీ వరస. పొద్దున్నించి ఇది తొమ్మిదో చట్రం. కళ్ళు వీధిలో ఉన్నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆరేళ్ళ అలవాటు మరి.

ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఆమె ఏజెంట్ ట్వెల్వ్. కోవిల్‌పట్టి రేషన్ కార్డులో తంగరాజ్ భార్య. రెండోది పచ్చి అబద్ధం. అయినా బియ్యం, కిరసనాయిలు దాని మీదే వచ్చేవి.

తంగరాజ్ కూడా ఏజెంటే. ఇద్దరిదీ విళాత్తికుళం వైపు నల్లరేగడి ఊళ్ళే కనక, ఇద్దరూ ఇంట్లో తెలుగూ బయట అరవమూ మాట్లాడేవాళ్ళే కనక, 1997లో పైవాళ్ళు ఒక సంతకంతో వాళ్ళకు కాపురం పెట్టించారు. ఊరి చుట్టూ లేస్తున్న గాలిమరల మీద విదేశీ ముఠా ఒకటి కన్నేసిందనీ, దాన్ని కనిపెట్టి ఉండమనీ ఉత్తర్వు. చేతికొక సిగరెట్ లైటర్ కెమెరా కూడా ఇచ్చారు. అగ్గిపెట్టెల ఊళ్ళో లైటరు బయటికి తీస్తే తన్నులు తింటామని ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు. అది ఆరేళ్ళుగా బియ్యం డబ్బా అడుగున పడి ఉంది.

మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది.

"సాత్తూరు దోసకాయలు వచ్చాయా?" అని బయటి గొంతు.

"చేదు లేనివి ఇంకా రాలే," అంది కమలం, ఆ గుర్తుమాటకు జవాబుగా, లేవకుండానే.

ప్రియ లోపలికి వచ్చింది. నిమ్మపండు రంగు షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, భుజాన వాయిదాల చీరల కేటలాగు. ఆమె సెంటు వాసనకు ఇంట్లోని మైనం వాసన వెనక్కి తగ్గింది. హైదరాబాద్ పిల్ల. అరవం మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. ముఠా నాయకుడు కోల్‌మన్ దగ్గర ఇంటర్‌ప్రెటర్‌గా చేరింది. డిపార్ట్‌మెంటే చేర్పించింది. అక్కడి సంగతులు ఇక్కడికి, ఇక్కడివి పైకి చేర్చడం ఆమె పని.

"రేపే అక్కా," అంది కుర్చీ అంచున కూర్చుంటూ. "ప్రోగ్రామ్ మారలేదు. తొమ్మిదిన్నరకు హైబ్రిడ్ బస్సు ఇక్కడ బయల్దేరుతుంది. విరుదునగర్ దాకా డీజిల్. ఊరి మొదట తెల్లజెండా పాతారు. అక్కడ డ్రైవర్ స్విచ్ వేసి బ్యాటరీకి మారతాడు. పదకొండింటికి, చప్పుడు లేకుండా, బ్యాంకు టీమ్ ముందు ఆగుతుంది."

"హెరాన్ ఏం చేయబోతాది?"

"అదే తెలీడం లేదు. కోల్‌మన్ నా ముందు నోరు విప్పడం లేదు."

హెరాన్ అంటే ఆ ముఠాకు ఫైల్లో ఉన్న పేరు. వాళ్ళకు కావలసింది ఏమిటో కమలానికి కంఠతా వచ్చు. ఆడి నెల, అంటే ఆషాఢం, వస్తే గాలి విరగబడి వీస్తుంది, మరలు తిరుగుతాయి. అంత కరెంటు మోసే లైను లేదు. "లోడ్ ఎక్కువైంది, ఆపండి" అని సబ్‌స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. వీస్తున్న గాలిలో రెక్కలు కట్టేసిన కోళ్ళలా మరలు నిలబడిపోతాయి. ఆ వృథా కరెంటును బ్యాటరీలకు ఎక్కించి బస్సు నడుపుతానని ముత్తుకుమార్ అనే మెకానిక్ మూడేళ్ళు కష్టపడి బండి తయారుచేశాడు. అది బాగా నడిస్తే కొత్త లైనుకు బ్యాంకు అప్పు ఇస్తుంది. టీమ్ కళ్ళెదుట చెడితే లైను పోయి, హెరాన్ వెనక ఉన్న కంపెనీల డీజిల్ జెనరేటర్లు వస్తాయి.

తంగరాజ్ ఆ బండి ఉండే షెడ్డులో హెల్పర్. మూడు రోజులుగా అక్కడే కాపలా, ఇంటికి రావడం లేదు. షెడ్డు ఫోను హెరాన్ వింటోంది. బండిలో రేపు జనం ఉంటారా అని కమలం నిన్న చీటీ పంపింది. జవాబు ఇంకా రాలేదు.

వీధిలో మోపెడ్ దగ్గింది. నిండిన చట్రాలు ఫ్యాక్టరీకి మోసే పొన్నుసామి. అరవై దాటిన మనిషి, ఏ చీటీ ఎక్కడికో అడగడు.

"ఏమ్మా కమలం, ఎన్ని అయినాయి?"

"తొమ్మిది, మామా. గాలి ఎట్లుండాది?"

"ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతాదంటారు. నేనెంత? బరువుకు గోతాం కట్టుకోకుంటే నన్నూ ఎత్తకపోతాది."

ఖాళీ చట్రాలు దించి, నిండినవి కట్టుకున్నాడు. ఖాళీ చట్రంలో రెండు పలకల మధ్య వేలెడంత చీటీ ఉంది. తంగరాజ్ రాత. తెలుగు మాటలు, అరవ అక్షరాలు. వాళ్ళిద్దరికీ బడిలో వచ్చిన అక్షరాలు అవే. అరవవాళ్ళు చదివితే అర్థం కాదు, ఆంధ్రావాళ్ళకు చదవడమే రాదు. ఇంతకన్నా మంచి కోడ్ డిపార్ట్‌మెంట్ దగ్గర లేదు.

కమలం చీటీని చట్రం మీద పెట్టి, ప్రియకు కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ప్రియ గోళ్ళు చూసుకుంటోంది.

"బస్సు ఖాళీగా పోతే మంచిదేగా అక్కా. ఎవరికీ ప్రమాదం ఉండదు."

కమలం చీటీ చదివింది. 'రేపు బండి ఖాళీ పోతాది. పెద్దలకి చెప్పు.'

ఆమె అడిగినదానికి సరిగ్గా జవాబు. గుండెల మీది బండ దిగినట్టయింది. బస్సు చెడినా చెడుతుంది, మనుషులు లేరు కదా.

"మదురై మామకు నేను చెప్తాలే," అని ప్రియ లేచింది. మదురై మామ అంటే పై ఆఫీసరు.

మూడు రోజులుగా కమలానికి సరిగా నిద్ర లేదు. కమలం సరేనంది. ఇంకో చీటీ మీద 'చెప్పినాము. సరి' అని రాసి బయట కాచుకున్న పొన్నుసామి చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు వీధి మొదట డోలు మోగింది. కమలం గడపలో నిలబడి చూసింది. అరటిపిలకలు కట్టిన ఆకుపచ్చ బస్సు మలుపు తిరుగుతోంది.

కిటికీల నిండా తలలు. మల్లెపూలు పెట్టుకున్న తలలు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, ఇరవైమందికి పైనే. పక్కింటి పాండిసెల్వి కిటికీలోంచి చెయ్యి ఊపుతూ అరిచింది.

"అక్కా! కరెంటు బస్సులో ఊరికే తిప్పుతారంట. నువ్వూ రాకూడదా? మీ ఆయన ఉండాడు చూడు!"

చివరి సీట్లో, బ్యాటరీ పెట్టె మీద, తంగరాజ్ కూర్చుని ఉన్నాడు. కమలాన్ని చూసి తల ఊపాడు. అంతా సరిచేశారు కదా అన్నట్టు, హాయిగా.

బస్సు మలుపు దాటింది.

ఖాళీ అన్నాడే, జనం ఉన్నారే. కమలం రొంటిన దోపిన చీటీ తీసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంది. అరవంలో క రాసినా గ రాసినా ఒకటే అక్షరం. ఖాళీని వాళ్ళ వైపు ఒత్తు లేకుండా, ళ బదులు ల పెట్టి, కాలి అనే అంటారు, అట్లే రాస్తారు. నిన్న తను అడిగిన ప్రశ్న మనసులో పెట్టుకుని చదివింది కాబట్టి ఖాళీ అని తోచింది. ఇంకోలా చదివితే గాలి పోతాది. ఇంకా ఒకలా చదివితే...

బండి కాలిపోతాది.

 తంగరాజ్ ఆ ముక్క రాసి పంపాడు. తను 'సరి' అంది. పైవాళ్ళు సరిచేసేశారని నమ్మి, నిప్పు మీద కూర్చున్నాడు. వాడిని అక్కడ కూర్చోబెట్టింది తన రెండు మాటలే.

మరొకటి కూడా అప్పుడే తట్టింది. చీటీ తను చదవకముందే ప్రియ "ఖాళీగా పోతే మంచిదేగా" అంది, తనకు అలాగే తోచాలని. అరవ అక్షరం ముక్క రాదని ఫైల్లో రాసి ఉన్న పిల్ల!

మదురైకి ఫోను చేసినా అక్కడివాళ్ళు నమ్మేది ప్రియ మాటే. పొన్నుసామి అప్పుడే వీధిలోకి వచ్చాడు.

"మామా, చట్రాలు దించు. విరుదునగర్ పోవాల."

"ఈ మోపెడ్ మీదనా? దీనికి సాత్తూరు అంటేనే జ్వరం వస్తాది."

"నా మొగుడు ఆ బస్సులో ఉండాడు. అది కాలిపోతాది."

మొగుడు అనే మాట ఆరేళ్ళలో వెయ్యిసార్లు వాడి ఉంటుంది. ఈసారి అది అబద్ధమని గుర్తు రాలేదు. పొన్నుసామి ఇంకేమీ అడగకుండా చట్రాలన్నీ అరుగు మీద దొర్లించాడు.

హైవే మీద గాలి పడమటి నుంచి ఈడ్చి కొడుతోంది. ఎర్రదుమ్ము కళ్ళలో, పళ్ళలో. మోపెడ్ పక్కకు జరుగుతుంది, పొన్నుసామి తిట్టుకుంటూ మళ్ళీ దారిలోకి తెస్తాడు. దూరాన గాలిమరలు, సగం తిరుగుతూ, సగం కట్టేసి. సాత్తూరులో ఎవరో పెద్దమనిషి బస్సు ఆపి దండలు వేసి ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాడని టీకొట్టువాడు చెప్పాడు. ఉపన్యాసాల వల్ల దేశానికి మేలు జరగడం కమలం అదే మొదటిసారి చూసింది.

విరుదునగర్ కనిపిస్తుండగా బస్సు అందింది. ముందు, రెండు వందల గజాల్లో, తెల్లజెండా గాలికి పటపటలాడుతోంది. ముత్తుకుమార్ వేగం తగ్గిస్తున్నాడు. అతని ఎడమచెయ్యి స్విచ్ వైపు పోతోంది.

మోపెడ్ చివరి కిటికీ పక్కకు వచ్చింది. కోడ్ లేదు, మారువేషం లేదు. కమలం తన ఊరు నాగలాపురం పొలాల్లో పిట్టలు తోలిన గొంతుతో అరిచింది.

"ఏమయ్యో! బండి కాలిపోతాదీ!"

తంగరాజ్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "అదే కదే నేను రాసింది!"

"నేను ఖాళీ అని చదివినా!"

తంగరాజ్ గిరుక్కున లోపలికి తిరిగాడు.  ఆడవాళ్ళ ఒళ్ళ మీదనుంచి, బుట్టల మీదనుంచి, దండల మధ్యనుంచి దూకుతూ ముందుకు పోయాడు. ముత్తుకుమార్ వేళ్ళు స్విచ్ మీద ఆనాయి. తంగరాజ్ ఆ చేతిని కొట్టాడు. బస్సు జెండా కర్రను విరుచుకుని ఆగింది.

"నీకేమన్నా పిచ్చా అన్నా?" అని ముత్తుకుమార్ కాలర్ పట్టుకున్నాడు.

"పెట్టె తెరువు. తర్వాత కొట్టు."

ఆడవాళ్ళను దించి, పరీక్షకు ముందు బ్యాంకువాళ్ళు వేయించిన సీలు పగలగొట్టారు. ఘాటైన వాసన గుప్పున కొట్టింది. బ్యాటరీల వాయువు బయటికి పోయే గొట్టానికి గుడ్డ కుక్కి ఉంది. ఫ్యూజు ఉండాల్సిన చోట లావుపాటి రాగిముక్క. స్విచ్ పడితే తీగ ఎర్రబడుతుంది, వాయువు అంటుకుంటుంది. ముత్తుకుమార్ అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు.

"కాల్చేస్తామని కోల్‌మన్ షెడ్డు బయట ఫోనులో అంటుంటే విన్నా," అన్నాడు తంగరాజ్ కమలంతో. "ఎట్లనో తెలీలే. అప్పటికే సీలు వేసేసినారు. నీ జవాబు చూసి, సరిచేసినారు అనుకున్నా."

"ఇంకా రెండు ముక్కలు రాసుంటే నీ సొమ్మేం పోయేది?"

"చీటీ అంతే ఉండాది."

కమలం పక్కనున్న పెట్రోల్ బంకులోంచి మదురైకి ఫోను చేసింది. "మామా, దోసకాయలో పురుగు ఉండాది. నిమ్మపండు రంగు చీర."  మామ మనుషులు ఇద్దరు విరుదునగర్‌లో బస్సు కోసం పెట్టిన సభలోనే ఉన్నారు. ఇంతవరకూ వాళ్ళకు ప్రియ మాటే వేదం.

గాలి ఆడనిచ్చి, కొత్త ఫ్యూజు వేసి, ముత్తుకుమార్ స్విచ్ వేశాడు. పన్నెండుంబావుకు బస్సు పిల్లిలా విరుదునగర్‌లోకి నడిచింది. జనం మొదట చప్పుడు లేదని అనుమానపడి, తర్వాత చప్పట్లు కొట్టారు.

బ్యాంకు టీమ్‌కు తర్జుమా చేస్తూ వేదిక మీద మైకు పట్టుకున్న ప్రియ నవ్వు చెదరలేదు. రెండడుగులు వెనక్కి వేసింది, అంతే. వెనక కమలం ఉంది, తలనిండా దుమ్ముతో.

"అరవం చదవడం బాగానే నేర్చినావే."

ప్రియ నల్లద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లగా ఉంది. "మూడేళ్ళు పట్టింది అక్కా. రెండు వైపులా పనిచేస్తే నిద్ర ఉండదు."

"ఇంక నిద్రపో."

తెల్ల పంచెల్లో ఉన్న మామ మనుషులిద్దరూ ఆమెను మర్యాదగా జీపు ఎక్కించారు. కోల్‌మన్ మదురై విమానాశ్రయంలో దొరికాడు. బ్యాంకు టీమ్ బస్సులో కూర్చుని ఫోటోలు దిగి, అప్పు విషయం పరిశీలిస్తామని చెప్పి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే మామ ఫోను. "శభాష్. లైను రావడానికి ఇంకో అయిదేళ్ళు పట్టినా పడుతుంది. గాలి ఎక్కడికీ పోదులే. తంగరాజ్‌కు కొత్త పోస్టింగు. పన్నెండు గంటల రైలు. ఎక్కడికో నువ్వు అడగకూడదు. కాపురం క్లోజ్."

కమలం ఫోను పెట్టేసి సంగటి కలిపింది. తంగరాజ్ తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. ఒక చేతిసంచీ సర్దుకుని, గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. పాండిసెల్వి పక్క గడపలోంచి మెడ సాచి చూస్తోంది.

అతను చెప్పులు తొడిగి కమలం వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఆగాడు.

గడప దాటే మనిషి 'పోతా' అనకూడదు, అది అపశకునం. 'పోయొస్తా' అనాలి, అది అబద్ధం. ఆరేళ్ళు ఆ ఇంట్లో పూటకొక అబద్ధం అలవోకగా ఆడిన ఏజెంటు, ఆ ఒక్కటీ నోటికి రాక, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.